మిషిగన్‌లో ఎక్స్చేంజి ఏడాది: వెళ్ళే పిల్లకి ఇంటి సంగతులు, బడి సంగతులు ఏం నేర్పి పంపాలి?

ఖమ్మం_నాన్న (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. అమ్మాయికి పదో తరగతి పూర్తయింది. జె-1 వీసా మీద హైస్కూల్ ఎక్స్చేంజి, ఒక విద్యా సంవత్సరం. మిషిగన్ రాష్ట్రంలో చిన్న ఊరు. హోస్ట్ ఫ్యామిలీ వివరాలు వచ్చాయి: భార్యాభర్తలు, తొమ్మిదేళ్ళ బాబు, రెండు కుక్కలు. వీసా, టికెట్టు ఏజెన్సీ వాళ్ళు చూసుకుంటున్నారు, వాటి గురించి కాదు నా ప్రశ్న. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా అక్కడ ఏది ఎలా ఉంటుంది, ఎక్కడ ఇబ్బంది పడతారు అన్నది చెప్పండి. అమ్మాయి గుడ్డు తింటుంది, మాంసం తినదు. ఇంకా రెండున్నర నెలల టైముంది.

గ్రేట్‌లేక్స్_కోఆర్డినేటర్

రెండున్నర నెలలంటే మంచి టైమే. మొదట ఒక సంగతి మనసులో పెట్టుకోండి. జె-1 హైస్కూల్ ప్రోగ్రాంలో హోస్ట్ ఫ్యామిలీకి పైసా ముట్టదు, గదీ భోజనమూ ఇష్టపడి ఇస్తారు. అందుకని అది హాస్టలూ కాదు, పేయింగ్ గెస్టు ఇల్లూ కాదు. ఇంట్లో పిల్లలాగే పనులు పంచుకోవాలి: తన గిన్నె తను డిష్‌వాషర్లో పెట్టడం, గది సర్దుకోవడం, వంతు వచ్చిన రోజు చెత్తబుట్ట బయట పెట్టడం. ఇవి మన అమ్మాయిని పనిమనిషిలా చూడటం అనుకునే తల్లిదండ్రులు ఉన్నారు. కాదు, వాళ్ళ తొమ్మిదేళ్ళ బాబుకీ పనుల జాబితా ఉంటుంది.

ఇక అసలు చిక్కు మొహమాటం. "ఇంకొంచెం వేసుకో" అని మూడుసార్లు బతిమాలే అలవాటు అక్కడ లేదు. ఒకసారి అడుగుతారు, వద్దంటే నిజంగానే వద్దనుకుని గిన్నె తీసేస్తారు. అడగనిదే అమ్మైనా పెట్టదు అన్న సామెతని ఆ ఇంట్లో అక్షరాలా పాటించాలి. పిల్లలు ఆకలితో పడుకుని, రాత్రి ఇంటికి ఫోన్ చేసి ఏడిస్తే, ఇక్కడ అమ్మానాన్నలు "తిండి పెట్టట్లేదు" అని ఏజెన్సీకి ఫిర్యాదు చేస్తారు. హోస్టమ్మకి సంగతే తెలియదు. ఆ ఫిర్యాదు చుట్టూ తిరిగి ఆవిడ చెవిన పడ్డాక మనసులు కలవడం కష్టం.

అందుకని చేరిన రెండో రోజో మూడో రోజో కూర్చుని అడగాల్సినవి రాసి పంపండి. మిమ్మల్ని ఏమని పిలవాలి? ఫ్రిజ్‌లో ఏవి అడక్కుండా తీసుకోవచ్చు, ఏవి ముట్టుకోకూడదు? నా బట్టలు ఏ రోజు ఉతుక్కోవాలి? పొద్దున బాత్‌రూం నాకు ఎన్నింటికి? రాత్రి ఎన్నింటికి గదిలో ఉండాలి, ఫోను ఎక్కడ పెట్టాలి? కారులో ఎక్కడికైనా తీసుకెళ్ళాలంటే ఎంత ముందు చెప్పాలి? తలుపు మూసి ఉంటే తట్టి రావాలా? కుక్కల్ని మంచం ఎక్కనిస్తారా? స్కూల్లో లంచ్ కొనుక్కుంటే డబ్బు ఎవరిది? ఈ చివరిది తప్పకుండా అడగాలి. ఇంటి నుంచి డబ్బా కట్టుకుంటే హోస్టులది, స్కూల్లో కొనుక్కుంటే పిల్లది అని చాలా ఏజెన్సీల్లో పద్ధతి.

ఏమని పిలవాలంటే, పేరు పెట్టి పిలవమనే చెప్తారు. అక్కడ అది అమర్యాద కాదు, పిలిచేయమనండి.

పిల్లల_డాక్టర్_విశాఖ

మిగతావన్నీ తర్వాత మాట్లాడుకోవచ్చు, టీకాల కార్డు ఈ వారమే తీయండి. కార్డు సరిపోకపోతే స్కూల్లో చేర్చుకోరు.

తట్టు టీకా: మన దగ్గర మొదటి డోసు 9 నెలలకి వేస్తారు. అమెరికా స్కూళ్ళు మొదటి పుట్టినరోజు నాడు గానీ ఆ తర్వాత గానీ వేసినవే లెక్కలోకి తీసుకుంటాయి. అంటే 9 నెలల డోసు లేనట్టే. పైగా ప్రభుత్వ షెడ్యూల్లో ఉన్న ఎంఆర్‌లో తట్టు, రుబెల్లాయే ఉంటాయి, గవదబిళ్ళల టీకా ఉండదు. కావాల్సింది ఈ మూడూ కలిసిన ఎంఎంఆర్ రెండు డోసులు, మధ్య కనీసం 28 రోజులు.

ఆటలమ్మ (చికెన్‌పాక్స్) టీకా మన ప్రభుత్వ షెడ్యూల్లో లేదు. రెండు డోసులు కావాలి. 13 ఏళ్ళు దాటినవాళ్ళకి మధ్యలో 4 వారాలు చాలు.

కోరింత దగ్గు: పదేళ్ళకి ఇచ్చే టీడీలో ధనుర్వాతం, కంఠసర్పి మాత్రమే ఉంటాయి. అక్కడ కోరింత దగ్గు టీకా కూడా కలిసిన టీడ్యాప్ అడుగుతారు, ఇది ప్రైవేటులో దొరుకుతుంది. మెనింగోకాకల్ (మెదడు పొరల వాపు) టీకా కూడా మిషిగన్‌లో ఈ వయసు వాళ్ళకి కావాలి. హెపటైటిస్-బి మూడు డోసులూ, పోలియో డోసులూ తేదీలతో సహా ఉండాలి. "అన్నీ వేశాం" అని డాక్టర్ సంతకం పెట్టిన లెటరు పనికిరాదు.

క్రమం ముఖ్యం. ఎంఎంఆర్, ఆటలమ్మ రెండూ లైవ్ టీకాలు (బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసినవి). ఒకే రోజు వేయించాలి, లేదంటే 28 రోజుల ఎడం ఉండాలి. మాంటూ (టీబీ చర్మ పరీక్ష) అడిగితే అదీ ఆ రోజే చేయించండి. మర్నాడో వారానికో చేస్తే లైవ్ టీకా ప్రభావంతో ఉన్న ఇన్ఫెక్షన్ కూడా కనపడకపోవచ్చు, అప్పుడు నాలుగు వారాలు ఆగాలి. ఇంకొకటి, మన పిల్లలందరికీ పుట్టగానే బీసీజీ పడుతుంది కాబట్టి మాంటూలో చెయ్యి వాచే అవకాశం ఎక్కువ. టీబీ ఉందనుకుని ఎక్స్‌రేలూ గాభరా. ఒప్పుకుంటారేమో అడిగి, ఇగ్రా అనే రక్త పరీక్ష చేయించడం మేలు. దాని మీద బీసీజీ ప్రభావం ఉండదు.

తేదీలు 05/08 అని రాయించకండి. మనకి ఆగస్టు 5, వాళ్ళకి మే 8. నెల పేరు అక్షరాల్లో ఉండాలి.

పళ్ళు, కళ్ళు ఇక్కడే చూపించుకుని వెళ్ళాలి. జె-1 ఇన్సూరెన్సు ఒక జబ్బుకో ప్రమాదానికో కనీసం లక్ష డాలర్ల దాకా ఉండాలని నిబంధన ఉంది గానీ, పంటి పని, కళ్ళజోడు చాలా పాలసీల్లో రావు. కళ్ళజోళ్ళు రెండు పెట్టండి.

ఓరుగల్లు_మెషీన్లు

అన్నా, డాక్టర్ సాబ్ మంచిగ చెప్పిండు. నేను మెషీన్ల సంగతి చెప్త. ఇంట్ల మాటలు పడేది ఎక్కువ వీటి కాడనే.

డిష్‌వాషర్: గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు అండ్ల పోయొద్దు. ఒక్క చెంచా పోసినా నురగ పొంగి వంటిల్లంత పారుతది. దానికి వేరే పౌడరు గానీ బిళ్ళ గానీ ఉంటది, ఒకసారికి ఒక బిళ్ళ. ఎంగిలి మెతుకులు గీకి చెత్తల వెయ్యాలె. నాన్‌స్టిక్ పెనాలు, చెక్క గరిటెలు, మంచి కత్తులు అండ్ల పెట్టొద్దు.

సింకుల గార్బేజ్ డిస్పోజల్: కింద బ్లేడ్లు తిరిగే యంత్రం. ముందుగాల చల్లనీళ్ళు ఇడవాలె, తర్వాత స్విచ్చు, చప్పుడు తేలికైనంక ఇంకో పదిహేను సెకండ్లు నీళ్ళు పోనియ్యాలె. అన్నం అండ్ల వెయ్యొద్దు. ఉబ్బి, ముద్దగట్టి, వంపు పైపుల కూసుంటది. చాయ్ పత్తా, ఉల్లిగడ్డ పొట్టు, మునక్కాయ పిప్పి, నూనె అసలే వద్దు. చెయ్యి పెట్టుడు ఎప్పటికీ వద్దు.

బట్టల మెషీన్: మనోళ్ళు సర్ఫ్ గుప్పెడు పోస్తరు. అక్కడి మెషీన్లు తక్కువ నీళ్ళతోని నడుస్తయి. హెచ్ఈ అని రాసి ఉన్న లిక్విడ్ రెండు టేబుల్ స్పూన్లు చాలు. ఎక్కువైతే సబ్బు బట్టల్లనే ఉండి ఒళ్ళు దురద పెడతది. కొత్త కాటన్ చుడీదార్లు రంగు పోతయి, మొదటి రెండుసార్లు వేరే, చల్లనీళ్ళల్ల. డ్రయ్యర్ల కాటన్ వేస్తే కుర్తా పొట్టిగ అయితది, కాబట్టి తక్కువ వేడి మీద పెట్టాలె, లేకుంటే హ్యాంగర్‌కు ఆరెయ్యాలె. డ్రయ్యర్‌ల జాలీ ఉంటది, ప్రతిసారి దాని మీది దూది తియ్యాలె. తియ్యకపోతే బట్టలు ఆరవు, నిప్పంటుకునే ప్రమాదం గూడ ఉంటది. ఇది హోస్టులు చూస్తరు. అయినంక బట్టలు అండ్లనే ఇడిచిపెట్టి పోవద్దు, వెనుక ఇంకొకరు ఉంటరు.

కరెంటు అక్కడ 120 వోల్టులు. ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్ మీద 100-240 అని ఉంటే పిన్ను మార్చుకుంటె చాలు. మన మిక్సీ, హెయిర్ స్ట్రెయిటెనర్, ఇస్త్రీపెట్టె తీస్కపోవద్దు, 230 వోల్టులవి అక్కడ సగం గూడ పనిచెయ్యవు.

కోనసీమ_అక్క

బాత్‌రూం గురించి నేను చెప్తాను. అక్కడ బాత్‌రూం నేల మీద నీళ్ళు పోయే తూము ఉండదు. నేల కింద చెక్క. బకెట్టు, మగ్గు అలవాటులో నీళ్ళు బయట చిందితే కింది గది సీలింగు మీద మరక తేలుతుంది. షవర్ కర్టెన్ అంచు తొట్టి లోపలికి ఉండాలి, బయటికి కాదు. స్నానం అయ్యాక తొట్టిలో వెంట్రుకలు తీసి చెత్తలో వేయాలి, తడి ఉంటే తుడవాలి, ఫ్యాను పావుగంట తిరగనివ్వాలి. వేడినీళ్ళు ఇల్లంతటికీ ఒకే ట్యాంకు. ఒకరు అరగంట నిలబడితే తర్వాతి వాళ్ళకి చన్నీళ్ళే. పది నిమిషాలు చాలు.

టాయిలెట్ దగ్గర నీళ్ళు ఉండవు. టాయిలెట్ పేపరు కమోడులోనే వేయాలి, ప్యాడ్లూ వెట్ వైప్సూ మాత్రం వేయకూడదు, చుట్టి బుట్టలో. నీళ్ళు లేకపోతే తోచని పిల్లలకి చేత్తో పట్టుకుని నొక్కే ట్రావెల్ బిడే సీసా ఒకటి కొనిపెట్టండి. మగ్గు పెట్టి నేల తడపడం కన్నా అది నయం.

తలనూనె: రాసుకుని పడుకుంటే వాళ్ళ దిండు గలీబు మీద మరక పోదు. శుక్రవారం రాత్రో శనివారం పొద్దున్నో రాసుకుని, పాత తువ్వాలు దిండు మీద వేసుకుని, తలంటుకోవాలి. చలికాలంలో తడి జుట్టుతో బయటికి వెళ్తే మిషిగన్‌లో వెంట్రుకలు నిజంగా గడ్డకడతాయి. హెయిర్ డ్రయ్యర్ అక్కడే కొనుక్కోవాలి.

వేసిన బట్టే రెండో రోజు వేసుకుని స్కూలుకి వెళ్తే గమనిస్తారు. డియోడరెంటు రోజూ. ఇది ఎవరూ మొహం మీద చెప్పరు, పక్కన కూర్చోవడం మానేస్తారు.

స్వెట్టర్లు, బూట్లు ఇక్కడ కొని సూట్‌కేసు నింపకండి. మన దగ్గరి ఊలు స్వెట్టరు ఆ చలికి ఆనదు. అక్టోబరు దాకా ఆగి, అక్కడి థ్రిఫ్ట్ స్టోరులో వాడిన కోటు, స్నో బూట్లు తక్కువకి కొనుక్కోవచ్చు.

ఖమ్మం_నాన్న

ఎన్ని సంగతులో, ధన్యవాదాలు అందరికీ. తిండి గురించి అడుగుతాను. "వెజిటేరియన్" అని అప్లికేషన్లో రాశాం. అది చాలదా? ఒక్కోరోజు తనే వండుకోవచ్చా?

పులిహోర_డెట్రాయిట్

చాలదండీ. అక్కడ వెజిటేరియన్ అంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. కొందరు చేప తినేవాళ్ళనీ అలాగే అంటారు. తినేవి, తిననివి విడివిడిగా రాసి మెయిల్ పెట్టండి: గుడ్డు తింటుంది, పాలు, చీజ్ తింటుంది, మాంసం, చికెన్, చేప, వాటి రసంతో చేసినవి తినదు.

తెలియకుండా నోట్లోకి పోయేవి ఇవి. కూరగాయల సూప్ చాలాసార్లు చికెన్ రసంలో కాస్తారు. రిఫ్రైడ్ బీన్స్ డబ్బాలో పంది కొవ్వు ఉండొచ్చు. మార్ష్‌మెలో, జెల్లో, గమ్మీ చాక్లెట్లలో జెలటిన్. టాకోలు, చిల్లీ, స్పగెట్టీ సాసు అంటే విడిగా చెప్పకపోతే గొడ్డు మాంసం ఖీమాయే. పెపరోనీ పందీ గొడ్డూ కలిపింది. మాంసం తినే పిల్లలైనా గొడ్డు మాంసమో పంది మాంసమో వద్దనుకుంటే ఇదే జాబితా.

చిన్న ఊరి దుకాణంలోనూ మనకి పనికొచ్చేవి ఉంటాయి. పెరుగుకి "ప్లెయిన్, హోల్ మిల్క్ యోగర్ట్" అని చూసి కొనాలి. పక్కనే అదే తెల్ల డబ్బాలో వెనిలా ఉంటుంది, దానితో పెరుగన్నం కలిపితే ఇక చెప్పక్కర్లేదు. సోనామసూరి దొరకదు, జాస్మిన్ బియ్యం కాస్త దగ్గర. కందిపప్పు ఉండదు గానీ ఎర్ర కందిపప్పు (మసూర్) ఉంటుంది, నానబెట్టకుండా పావుగంటలో ఉడుకుతుంది. కుక్కరు కూడా అక్కర్లేదు. బ్లాక్ బీన్స్, శనగలు, వేరుశనగ వెన్న, గుడ్లు ఉంటే ప్రొటీన్ సంగతి తీరినట్టే.

వండుకోవడం అడిగి చేయాలి, ఆదివారం మధ్యాహ్నం లాంటి టైము చూసుకుని. పోపు దగ్గర జాగ్రత్త. మంట పెద్దది పెట్టి ఎండుమిరపకాయ మాడిస్తే పొగ అలారం ఇల్లెగిరిపోయేట్టు అరుస్తుంది. పొయ్యి మీది ఫ్యాను చాలా ఇళ్ళలో గాలిని బయటికి పంపదు, జాలీలోంచి పోనిచ్చి మళ్ళీ వంటింట్లోకే వదులుతుంది. కాబట్టి ముందు కిటికీ తీయాలి, ఫ్యాను వేయాలి, చిన్న లోతు గిన్నెలో ఒక టేబుల్ స్పూను నూనె, మధ్యస్థం వేడి, ఆవాలు వేయగానే మూత. కరెంటు పొయ్యి ఆపేసినా చాలాసేపు కాలుతూనే ఉంటుంది, కాబట్టి చిటపట ఆగగానే గిన్నె పక్క పొయ్యి మీదికి జరపాలి. మిరపకాయ చివర్లో, ఆ మిగిలిన వేడికే వేగిపోతుంది. అలారం మోగితే దాని బ్యాటరీ తీసేయడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు.

మొదటిసారి ఇంటిల్లిపాదికీ చేయాలంటే నిమ్మకాయ పులిహోర, కారం లేకుండా. పప్పుచారు వద్దు.

రాత్రి భోజనం సాయంత్రం ఐదున్నర, ఆరు మధ్య అయిపోతుంది. తొమ్మిదింటికి తినే పిల్లకి మొదటి రెండు వారాలు పడుకునే ముందు ఆకలేస్తుంది. పళ్ళో సీరియలో తినొచ్చా అని ముందే అడిగి పెట్టుకోవాలి.

గ్రేట్‌లేక్స్_కోఆర్డినేటర్

పులిహోర గారి మాటకి చిన్న చేర్పు. మిషిగన్‌లో కూల్‌డ్రింక్ డబ్బాలు చెత్తలో పడేయకూడదు. ఒక్కోదానికి పది సెంట్ల డిపాజిట్ కడతారు, ఖాళీవి దుకాణంలో వెనక్కిస్తే వస్తుంది. నలిపేస్తే మెషీన్ తీసుకోదు.

బడి_గంట

స్కూలు సంగతి. మన పిల్లలు చదువులో వెనకబడి కాదు, మార్కులు వేసే తీరు తెలియక దెబ్బతింటారు. ఇక్కడ చివరి పరీక్ష అంతా తేల్చేస్తుంది. అక్కడ రోజువారీ హోంవర్కు, క్విజ్, ల్యాబ్, ప్రాజెక్టు అన్నీ కలిపి గ్రేడు. పది హోంవర్కుల్లో తొమ్మిదింటికి నూటికి నూరు వచ్చి, ఒకటి ఇవ్వకపోతే సున్నా పడుతుంది, సగటు 90కి దిగుతుంది. తెలివైన పిల్ల సి గ్రేడుతో ఉందంటే చాలాసార్లు పోర్టల్లో "మిస్సింగ్" అని నాలుగైదు ఉంటాయి. ప్రతి ఆదివారం సాయంత్రం స్కూలు పోర్టల్, గూగుల్ క్లాస్‌రూం రెండూ తెరిచి చూసుకోవాలి. ఒకదానిలో ఉన్నది ఇంకోదానిలో ఉండకపోవచ్చు. మిస్సింగ్ కనపడితే టీచర్‌కి మెయిల్ పెట్టి, ఆలస్యంగా తీసుకుంటారా అని అడగడమే. చాలామంది కొంత తగ్గించి తీసుకుంటారు.

హోంవర్కు స్నేహితురాలికి ఫోటో తీసి పంపడం మనకి సాయం, అక్కడ కాపీ. ఇచ్చినవాళ్ళకీ తీసుకున్నవాళ్ళకీ సున్నా. ఇంటర్నెట్‌లోంచి పేరా ఎత్తి రాసినా, ఏఐతో రాయించినా అంతే, ఎక్స్చేంజి పిల్లలైతే ఏజెన్సీకి కబురు వెళ్తుంది.

సబ్జెక్టులు స్కూల్లో పిల్లలకి సలహాలిచ్చే కౌన్సిలర్‌తో కూర్చుని ఎంచుకోవాలి. ఇంగ్లిషు, అమెరికా చరిత్ర సాధారణంగా తప్పవు. లెక్కలు మనవాళ్ళకి ప్రీ-కాలిక్యులస్ సరిపోతుంది, కానీ గ్రాఫింగ్ కాలిక్యులేటర్ వాడకం కొత్త, దానికి రెండు వారాలు పడుతుంది. స్కూల్లో అరువు దొరుకుతుందేమో అడగాలి. మిగతా రెండు మూడు పీరియడ్లూ ఫిజిక్సు, కెమిస్ట్రీ నింపేయకండి. మట్టి పాత్రలు చేయడం, వడ్రంగం, కోరస్ (బృందగానం) లాంటివి తీసుకుంటే పక్కవాళ్ళతో మాట్లాడే వీలు దొరుకుతుంది. లెక్చరు క్లాసులో ఎవరూ స్నేహితులవరు.

తరగతి తరగతికీ గది మారాలి, మధ్యలో నాలుగైదు నిమిషాలే. ఆలస్యమైతే టార్డీ పడుతుంది, కొన్ని కలిస్తే శిక్ష. లాకరు తాళం ఇక్కడే సాధన చేయించండి, నంబరు తాళం ఒకటి కొని: కుడికి మూడు చుట్లు తిప్పి మొదటి అంకె దగ్గర ఆపాలి, ఎడమకి తిప్పుతూ రెండో అంకెని ఒకసారి దాటి రెండోసారి వచ్చినప్పుడు ఆపాలి, మళ్ళీ కుడికి నేరుగా మూడో అంకె దగ్గరికి, లాగాలి. ఒక గీత దాటినా మళ్ళీ మొదట్నుంచీ.

టీచర్ వస్తే లేచి నిలబడక్కర్లేదు. మిస్టర్, మిస్ పెట్టి ఇంటిపేరుతో పిలవాలి. బాత్‌రూంకి హాల్ పాస్ (టీచర్ ఇచ్చే అనుమతి చీటీ) తీసుకోకుండా నడవాలో కనపడకూడదు.

మందుల విషయం డాక్టర్ గారు చెప్తారనుకున్నాను. తలనొప్పి బిళ్ళ కూడా బ్యాగులో ఉంచుకోనివ్వని స్కూళ్ళు చాలా. నర్సు దగ్గర ఫారంతో ఇచ్చి పెట్టాలి.

పిల్లల_డాక్టర్_విశాఖ

అవును, మరిచాను. మన పారాసెటమాల్‌ని అక్కడ అసిటమినోఫెన్ అంటారు, టైలెనాల్ అదే. జలుబు మందుల్లోనూ అది కలిసి ఉంటుంది. మన డోలో వేసుకుని, పైన వాళ్ళ జలుబు సిరప్ తాగితే మోతాదు రెట్టింపవుతుంది. నిమెసులైడ్ కలిసినవి అసలు పెట్టకండి, అమెరికాలో దానికి అనుమతి లేదు. రోజూ వాడే మందులుంటే ప్రిస్క్రిప్షన్ ఇంగ్లిషులో టైపు చేయించి, మందు రసాయన పేరుతో.

ఓరుగల్లు_మెషీన్లు

ఒక్క ముచ్చట. అమ్మానాన్న రోజు వీడియో కాల్ చెయ్యాలె. పిల్ల ఒక్కతే ఉంటది, ధైర్యం ఎట్ల వస్తది?

గ్రేట్‌లేక్స్_కోఆర్డినేటర్

ఇక్కడ మాత్రం మీతో ఒప్పుకోలేనండీ. రోజూ కాల్ అంటే టైము లెక్క చూడండి. మిషిగన్‌లో చాలావరకు ఈస్టర్న్ టైము, వేసవిలో మనకన్నా తొమ్మిదిన్నర గంటలు వెనక. మీరు పొద్దున ఆరున్నరకి చేస్తే అక్కడ రాత్రి తొమ్మిది, హోంవర్కు టైము. మీరు రాత్రి తొమ్మిదికి చేస్తే అక్కడ పొద్దున పదకొండున్నర, క్లాసులో ఉంటుంది. ఇంటి వాళ్ళంతా హాల్లో కూర్చున్నప్పుడు పిల్ల గది తలుపేసుకుని తెలుగులో గంట మాట్లాడితే ఆ ఇంట్లో కలవడానికి ఉన్న ఆ రెండు గంటలూ పోయినట్టే.

శనివారం సాయంత్రం మనకి ఏడున్నర, అక్కడ శనివారం ఉదయం పది. వారానికి ఒకటి అది పెట్టుకోండి, మధ్యలో మెసేజీలు, ఫోటోలు. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళ గడియారం గంట వెనక్కి పోతుంది, అప్పట్నుంచి అదే కాల్ అక్కడ తొమ్మిదికి. మార్చి రెండో ఆదివారం మళ్ళీ మారుతుంది.

కోనసీమ_అక్క

వారానికి ఒకటే అంటే మొదటి నెల మరీ కఠినం. దిగిన రోజూ, మర్నాడూ, మొదటి రెండు వారాలు రెండ్రోజులకోసారి పది నిమిషాలు, తర్వాత తగ్గించడం నా మాట. నవంబరు చివర్నుంచి సంక్రాంతి దాకా ఇంకోసారి బెంగ ముంచుకొస్తుంది. సాయంత్రం ఐదు దాటగానే చీకటి, పండగలు వాళ్ళవి. ఆ టైములో కాల్స్ ఎక్కువ చేయడం కన్నా, పిల్లకి స్కూలు తర్వాత ఏదో ఒక పని ఉండేట్టు సెప్టెంబరులోనే చూడాలి: నాటకానికి తెర వెనక పని, బౌలింగు, ట్రాక్, ఏదైనా. ఆటల్లో చేరాలంటే డాక్టర్ ఒళ్ళు పరీక్షించి సంతకం చేసిన ఫిజికల్ ఫారం కావాలి, మొదటి రోజు అది లేకపోతే ప్రాక్టీసుకి రానివ్వరు.

నెల్లూరు_తల్లి

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా బాబు ఇంటర్ ఫస్టియర్లో ఉన్నాడు. వెళ్ళొస్తే ఏడాది పోతుందా? తర్వాత ఎంఎస్‌కి వెళ్ళేటప్పుడు ఈ జె-1 అడ్డమవుతుందా?

బడి_గంట

మేడం, ఏడాది పోతుందనే అనుకుని నిర్ణయించుకోండి. అక్కడి ఏడాది ఇంటర్‌కి బదులుగా లెక్కలోకి రాదని పెట్టుకుంటేనే మంచిది. ఏజెన్సీలు చూసే కొలత 15 నుంచి 18న్నర ఏళ్ళ వయసు, 11 ఏళ్ళకి మించని చదువు. కాబట్టి ఫస్టియర్ అయ్యాక వెళ్ళొచ్చు, సెకండియర్ అయ్యాక కుదరదు. పది అయ్యాక వెళ్ళడం తేలిక, ఇంటర్ మధ్యలో తెగదు. తిరిగొచ్చేటప్పటికి జూన్ మధ్య దాటుతుంది, మన జూనియర్ కాలేజీలు అప్పటికే మొదలై ఉంటాయి. చేరబోయే కాలేజీలో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. అక్కడి స్కూలు డిప్లొమా ఇస్తుందన్న హామీ ఉండదు, ట్రాన్‌స్క్రిప్టు (మార్కుల పట్టీ) ఇస్తుంది. సీలు వేసిన కవర్లలో రెండు మూడు కాపీలు స్కూలు మూసేలోగా తీసుకోవాలి, వేసవిలో ఆఫీసులో ఎవరూ దొరకరు.

వీసా సంగతి: అమెరికా ప్రభుత్వ డబ్బుతో వెళ్ళే ప్రోగ్రాం (కెనెడీ-లూగర్ యెస్ లాంటిది) అయితే రెండేళ్ళ స్వదేశ నివాస నిబంధన పడుతుంది. అది హెచ్-1బీకి, గ్రీన్‌కార్డుకి అడ్డం, ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి కాదు. అదీ కాక తిరిగొచ్చి ఇక్కడ ఇంటర్ చదివితే ఆ రెండేళ్ళూ ఎలాగూ పూర్తవుతాయి. సొంత డబ్బుతో వెళ్ళే ప్రోగ్రాముల్లో మామూలుగా ఇది ఉండదు. వీసా స్టాంపు మీదా డీఎస్-2019 (జె-1 కోసం ప్రోగ్రాం వాళ్ళు ఇచ్చే పత్రం) మీదా రాసి ఉంటుంది, చూసుకోండి.

ఒకటి మాత్రం ఇద్దరూ చూడండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు ఒకే గడిలో ఉంటే అమెరికా వీసాలో అదంతా ఇంటిపేరై, అసలు పేరు చోట "ఎఫ్ఎన్‌యూ" (పేరు తెలియదు) అని పడుతుంది. స్కూలు హాజరుపట్టీలోనూ ఆ పేరే. దరఖాస్తుకి ముందే పాస్‌పోర్టులో విడగొట్టించుకోవాలి.

ఖమ్మం_నాన్న

మాది విడిగానే ఉంది, అమ్మయ్య. హోస్టులతో పడకపోతే ఏం చేయాలి? అది అడగడానికే కాస్త భయంగా ఉంది.

గ్రేట్‌లేక్స్_కోఆర్డినేటర్

అడగాల్సిందే. మెట్లు ఇవి. చిన్నవాటికి (తిండి, టైము, శబ్దం) మొదట పిల్లే హోస్టులతో చెప్పాలి, నోటితో కష్టమైతే కాగితం మీద. రెండోసారీ కుదరకపోతే లోకల్ కోఆర్డినేటర్, అంటే ఏజెన్సీ తరఫున అక్కడ పిల్లని చూసుకునే మనిషి. ఆ మనిషి హోస్టు ఇంటికి 120 మైళ్ళ లోపు ఉండాలి, నెలకి ఒకసారి పిల్లతో విడిగా మాట్లాడాలి, ఇవి అమెరికా విదేశాంగ శాఖ నిబంధనలు. నెల దాటినా ఫోన్ రాకపోతే పిల్లే చేయాలి. అక్కడా కదలకపోతే ఏజెన్సీ ముఖ్య కార్యాలయం. విదేశాంగ శాఖకి జె-1 మీద వచ్చినవాళ్ళ కోసం ఒక నంబరు ఉంది: 1-866-283-9090. ప్రాణం మీదికి వస్తే 911.

ఎవరైనా తాకినా, భయపెట్టినా, గదిలోకి చెప్పకుండా వస్తున్నా మొదటి మెట్టు అక్కర్లేదు, నేరుగా కోఆర్డినేటర్, లేదా స్కూలు కౌన్సిలర్. ఇల్లు మార్చడం మామూలే, అది పిల్ల మీద మచ్చ కాదు. మీరు మాత్రం హోస్టులకి నేరుగా ఫోన్ చేసి గొడవపడకండి, ఇక్కడి ఏజెన్సీ ద్వారా వెళ్ళండి. పాస్‌పోర్టు, డీఎస్-2019, ఇన్సూరెన్సు కార్డు పిల్ల దగ్గరే ఉండాలి, ఫోటోలు మీ దగ్గర.

దీనికి రెండో వైపు ఒకటి ఉంది. అక్కడ టీచర్లకీ కౌన్సిలర్లకీ పిల్లల మీద దెబ్బ పడుతోందని అనుమానం వస్తే ప్రభుత్వానికి తెలియజేయాల్సిన చట్టబాధ్యత ఉంటుంది. "మార్కులు తగ్గితే మా నాన్న చంపేస్తాడు" అని నవ్వుతూ అన్నా దాన్ని మాటవరసగా తీసుకోరు. స్కూల్లో ఆయుధాలు, బాంబులు అంటూ జోకులు, ఆన్‌లైన్లో కూడా, అసలు వద్దు.

మద్యం 21 ఏళ్ళ లోపు నేరం. తాగకపోయినా, తాగుతున్న పార్టీలో ఉంటే ఇంటికి పంపేసే ఏజెన్సీలున్నాయి. కారు నడపడం ఈ ప్రోగ్రాముల్లో ఉండదు. చర్చికి పిలుస్తారు, వెళ్ళి చూడొచ్చు, బలవంతం మాత్రం ఉండకూడదు.

ఖమ్మం_నాన్న

అర్థమైంది. చివరిగా పచ్చళ్ళు. వాళ్ళమ్మ ఐదు కిలోల ఆవకాయ సిద్ధం చేసింది.

పులిహోర_డెట్రాయిట్

అర కిలో చాలని చెప్పండి, ఇంట్లో తినేది తనొక్కతే. దుకాణంలో సీలు చేసి లేబుల్ ఉన్న ప్యాకెట్టయితే కస్టమ్స్ దగ్గర ప్రశ్నలు తక్కువ. చెక్-ఇన్ సామానులో పెట్టాలి. చేతి సంచీలో పచ్చడి కూడా ద్రవం కిందే లెక్క, 100 మిల్లీలీటర్లు దాటితే తీసేస్తారు. రెండు జిప్ కవర్లు, మధ్యలో పాత తువ్వాలు, ఎందుకంటే విమానం పొట్టలో నూనె కారితే బట్టలన్నీ పోతాయి. చికెన్, రొయ్యల పచ్చళ్ళు వద్దు. పచ్చి కరివేపాకు ఒక్క రెమ్మ కూడా వద్దు, నిమ్మజాతి తోటల్ని నాశనం చేసే పురుగు దాని మీద వస్తుందని నిషేధం. కస్టమ్స్ దగ్గర తిండి ఉందా అంటే ఉందని చెప్పాలి. చెప్పిన వస్తువు మహా అయితే తీసుకుంటారు, దాచితే జరిమానా.

ఫ్రిజ్‌లో పెట్టాక వాసన మిగతా వాటికి పట్టకుండా గాజు సీసా, బిగుతు మూత.

కోనసీమ_అక్క

హోస్టులకి కానుక పెద్దవి వద్దు. కొండపల్లి బొమ్మ ఒకటి, ఆ బాబుకి ఏటికొప్పాక బొంగరం ఒకటి. వెండి కుంకుమ భరిణ ఇస్తే ఏం చేసుకోవాలో వాళ్ళకి తెలియదు.

ఓరుగల్లు_మెషీన్లు

అమ్మాయికి నంబరు తాళం ఇయ్యాల్నే కొనియ్యి అన్నా. రెండున్నర నెలలు తిప్పుతుంటే చేతికి వస్తది.